ఊకను తూచిన లెక్క

మన భాషలో ఊకదంపుడు అను మాట యొకటి కలదు. ఎంత దంచినను గింజ రాలని పనికిని, ఎంత విన్నను సారము దొరకని ప్రసంగమునకును మన పెద్దలు పెట్టిన పేరది. నేటి నా ప్రసంగము అక్షరాల ఊకను గూర్చినదే. కావున శ్రోతలు ఆ బిరుదమును నాకు ముందుగానే దయచేయుటకు అవకాశము కలదు. అయినను కొంచెము ఓపికపట్టి వినుడని వేడుచున్నాను. ఊకలో గింజలు దొరకిన వృత్తాంతమే నేను చెప్పబోవుచున్నది.

ఏ వ్యాపారమైనను రెండు విధములైన వస్తువులను పుట్టించును. ఒకటి అమ్మునది, రెండవది పారవేయునది. మొదటిదాని లెక్క వర్తకునకు పైసలతో సహా తెలియును. రెండవదానిని గూర్చి అడిగినచో "అంతో ఇంతో పోవును లెండి" యనును. మన మిల్లుల పుస్తకములలో ఈ "అంతో ఇంతో" అనుదానికి తరుగు అని పేరు. తరుగు అను ఆ యొక్క పద్దులో నెన్ని వేర్వేరు సంగతులు దాగియుండునో, దానిని విప్పి చూడకున్న నెవరి మెడకు చుట్టుకొనునో, బడిలో పనిచేసినన్నాళ్లు నాకు తెలియలేదు. పని విరమించిన పిమ్మట తెలిసినది.

గోదావరి డెల్టాలో మా యూరికి చేరువగా ఒక బియ్యపు మిల్లు కలదు. దాని యజమానియు, అందు కాటావద్ద తూకము వ్రాయు గుమాస్తాయు ఇరువురును నా శిష్యులే. ఒకే బల్లమీద కూర్చుండి చదువుకొన్నవారు. ఒకడు తండ్రి మిల్లునకు వారసుడయ్యెను. రెండవవాడు ఆ మిల్లులోనే ఇరువది యేండ్లుగా జీతమునకు కుదిరియుండెను. ఒక సార్వా పంట అనంతరము యజమాని పుస్తకములను చంకనిడుకొని మా యింటికి వచ్చెను.

"మాస్టారూ, ఈ యేడు వానలవలన ధాన్యము తడిగా వచ్చినది. నూటికి 20 పాళ్ల తేమ. ఎండబెట్టి 14 పాళ్లకు దించితిమి. పోవలసినది ఆరు పాళ్లు. నూరు క్వింటాళ్లు పోసిన 94 మిగులవలెను. తూచిన 93 మాత్రమే మిగులుచున్నది. మొత్తము 3,000 క్వింటాళ్లు ఎండబెట్టితిమి. వెరసి 29 క్వింటాళ్ల పైచిలుకు కనబడకున్నది. అనగా 75 కిలోల బస్తాలు 39. కాటా వాని చేతిలో నున్నది, గోదాము తాళము వాని చేతిలో నున్నది. నే నేమనుకొనవలెనో మీరే చెప్పుడు" అనెను.

నేను పుస్తకము చూచితిని. ఇరువదిలోనుండి పదునాలుగు తీసివేయుట చిన్న తరగతి లెక్క. యజమానికి ఆరు వచ్చినది. నాకును ఆరే వచ్చినది. "నాయనా, తీసివేత సరిగానే యున్నది" అంటిని. ఆ మాటకు ఫలితమేమో నేనప్పు డాలోచింపలేదు. మరునాడు ఉదయము గుమాస్తాను పనిలోనికి రావలదనిరి. సాయంకాలము అతడు వచ్చి మా యరుగుమీద కూర్చుండెను. కోపపడలేదు, వాదింపలేదు. "మాస్టారూ, నేను తీయలేదు. ఎట్లు పోయినదో నాకును తెలియదు. మీరు కూడ లెక్క సరియే యన్నారట" అని మాత్ర మనెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. చిన్ననాడు మా గురువుగారు త్రైరాశికము చెప్పునపుడు, ముందు ఏది మారినదో ఏది మారలేదో నిర్ణయించుకొనుము, ఆ తరువాతనే బలపము పట్టుము అనెడివారు. నేను బలపము ముందు పట్టితిని. దీపము వెలిగించి మరల మొదలు పెట్టితిని.

శ్రోతలకు సులభముగా నుండుటకై మొదట తోటకూరతో చెప్పెదను. నూరు కిలోల తోటకూరలో 90 కిలోలు నీరు, 10 కిలోలు సారము అనుకొందము. అది వాడి, నీటి పాలు నూటికి 80కి దిగినది. తొంబదిలో ఎనుబది పోగా పది; కావున పది కిలోలే తగ్గినదని చెప్పుదుమా? సారము మారలేదు, అది ఆ పది కిలోలే. కాని యిపుడది నూటికి 20 పాళ్లు. పది కిలోలు 20 పాళ్లయినచో మొత్తము 50 కిలోలు. అనగా సగము బరువు గాలిలో కలిసినది. ఏ దొంగయు రాలేదు.

ధాన్యము సంగతియు నట్టిదే. నూరు క్వింటాళ్లలో నీరు 20, సారము 80. ఎండిన పిమ్మట నీరు 14 పాళ్లయినచో సారము 86 పాళ్లు. ఎనుబది క్వింటాళ్లు 86 పాళ్లయినపుడు నూరు పాళ్లెంత? 93 క్వింటాళ్ల 2 కిలోలు. తగ్గినది 6 క్వింటాళ్లు కాదు. 6 క్వింటాళ్ల 98 కిలోలు. మొదటి నూటిలో ఇరువదియు, తరువాతి నూటిలో పదునాలుగును ఒకే నూటివి కావు. రెండు వేర్వేరు నూర్లను ఒకటిగా భావించి తీసివేసితిమి. నూరు క్వింటాళ్లకు 98 కిలోల చొప్పున 3,000 క్వింటాళ్లకు 29 క్వింటాళ్ల 40 కిలోలు. ముప్పదితొమ్మిది బస్తాలును సూర్యభగవానుడు కొనిపోయెను. అపవాదు గుమాస్తాపై పడెను. దానిపై నా సంతకము కూడ నుండెను.

తెల్లవారకమునుపే మిల్లునకు పోయి యజమానిని లేపి పలకమీద చూపితిని. అతడు చాలసేపు మాటాడలేదు. తుదకు "మాస్టారూ, ఈ లెక్క ఒప్పుకొంటిని. కాని ఒక్క తరుగులోనే ఇంత పొరపాటున్న, తక్కిన తరుగులో నేమున్నదో నాకేమి తెలియును? అంతయు తూచి చూతము" అనెను. ఆ మాట నాకెంతయో నచ్చెను. కాటావద్ద గుమాస్తాయే నిలువవలెనని నేను పట్టుపట్టితిని. యజమాని స్వయముగా పోయి అతనిని పిలుచుకొని వచ్చెను.

ఇది క్రొత్త విద్య కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణములో కోష్ఠాగారాధ్యక్షుని విధులను చెప్పు నధ్యాయ మొకటి కలదు. దంచిన, పిండిచేసిన, వేయించిన, తడిపిన, ఎండబెట్టిన ధాన్యములు ఎంత పెరుగునో ఎంత తరుగునో ఆ యధికారి తానే ప్రత్యక్షముగా చూచి తెలిసికొనవలెనని యందు విధింపబడినది. అంతతో విడువక, ఊకను బొగ్గును లోహపు పనులకును గోడల పూతకును, నూకలను పనివారికిని వంటవారికిని పంపవలెనని కూడ చెప్పబడినది. నేనా గ్రంథమును పలుమారులు చదివితిని. చదివినవాడను చూడక చెప్పితిని. చదువనివారు చూచి చెప్పుమనిరి.

పని యెట్లు చేసితిమో చెప్పెదను. ఏ వ్యాపారమునకైనను ఇదియే పద్ధతి. మొదట మిల్లు చుట్టును మనస్సులో ఒక గీత గీసితిమి. ఆ గీత దాటి లోపలికి వచ్చునది ఏదైనను తూచవలెను. గీత దాటి బయటికి పోవునది ఏదైనను తూచవలెను. ద్వారముగుండ పోవునదే కాదు, పొగగొట్టముగుండ పోవునదియు, కాలువగుండ పోవునదియు, చీపురుగుండ పోవునదియు నందు చేరును. రెండవది, కంటితో అంచనా వేయరాదు. ఊక తేలిక, ఇంత బరువునకు అంత కుప్ప కనబడును. తవుడు బరువు, ముప్పాతిక మూట పట్టినదే మంచి ధర పలుకును. కుప్ప పరిమాణము ఒకటి చెప్పును, కాటా ఒకటి చెప్పును, వెల మరియొకటి చెప్పును. మూడింటిని మూడు వరుసలలో వ్రాసికొనవలెను. మూడవది, ఖాళీ గోనె బరువు మరువక తీసివేయవలెను. నాలుగవది, పని మొదలిడుటకు ముందు కాటా సున్న చూపుచున్నదో లేదో చూడవలెను. ఇది చిన్న విషయమే. కాని చిన్న విషయము నూరుసార్లు జరిగిన పెద్దదగును.

నూరు క్వింటాళ్ల ధాన్యము, అనగా 10,000 కిలోలు, వేరుగా నుంచి కళ్లములో ఎండబెట్టి మరపట్టితిమి. ఎండిన పిమ్మట కాటా 9,300 చూపెను. త్రైరాశికము చెప్పినదానికిని కాటా చూపినదానికిని భేదము రెండే కిలోలు. గుమాస్తా ఆ యంకె వైపు చాలసేపు చూచుచుండెను. ఆవిరియైనది 700 కిలోలు. మొదటి జల్లెడలో పొల్లు, గడ్డిపరకలు, మట్టిబెడ్డలు 110. ఊక 2,090. తవుడు 720. బియ్యము 6,290, అందు నూకలు 1,120. ఎత్తు యంత్రముల గుంటలలోను, బెల్టుల క్రిందను, గోడల మూలలను ఊడ్చి ప్రోగుచేసినది 64. ఇవన్నియు కూడగా 9,974. మిగిలిన 26 కిలోలు ఎచ్చట పోయినవో మాకు తెలియలేదు. ధూళియై గాలిలో పోయియుండవచ్చును. కాటా దోషమై యుండవచ్చును.

ఆ 26 కిలోలను ఊకలో కలిపి వ్రాయుదమా అని యజమాని యడిగెను. వలదంటిని. "లెక్కకు అందనిది" అని వేరుగా ఒక పద్దు వ్రాయించితిని. నూటికి పావు పాలు అందకుండుట దోషము కాదు. దానిని అందినట్లు వ్రాయుట దోషము. ఆ పద్దు ప్రతి మాసమును అంతే యుండిన భయము లేదు. ఒక మాసమున హఠాత్తుగా రెట్టింపైనచో అపుడు వెదకవలెను. దొంగను వెదకుటకైనను, రంధ్రమును వెదకుటకైనను, ముందు ఆ పద్దు ఉండవలెను గదా.

ఇక ఊక సంగతి. రెండువేల తొంబది కిలోల ఊకను తూచినంతమాత్రమున పని ముగియదు. అది యంతయు ఊకయేనా? కుప్ప పైభాగమునుండి, నడుమనుండి, అడుగునుండి కొంత కొంత తీసి పది కిలోలు చేర్చి, మిల్లులో పనిచేయు నొక పెద్దమ్మకు చేట యిచ్చి చెరుగుమంటిమి. ఆమె చెరుగగా చేటలో 150 గ్రాముల గింజలు నిలిచినవి. కొన్ని వడ్లు, తక్కినవి నూకలు. అనగా నూటికి ఒకటిన్నర పాలు. 2,090 కిలోలలో 31 కిలోల పైచిలుకు. మూడువేల క్వింటాళ్లకు 940 కిలోలు! ఆ పెద్దమ్మ నవ్వి, "బాబూ, ఈ సంగతి మాకెప్పుడో తెలుసు. ఊకకుప్పమీద కోళ్లు ఊరక తిరుగవు గదా" అనెను. మమ్ములనెవరును అడుగలేదు కావున చెప్పలేదని ఆమె భావము.

కారణము వెదకగా ఊకను పీల్చు ఫంకా గాలి మిక్కిలి జోరుగా నుండెను. గాలి చాలనిచో ఊక బియ్యములో నిలుచును. మితిమీరినచో గింజను కూడ ఎత్తుకొని పోవును. గాలిద్వారమును కొంచెము మూసి, మరల చెరిగి చూచి, మరల సరిచేసిరి. మూడవమారు చెరిగినపుడు పది కిలోలకు 40 గ్రాములు మాత్రమే వచ్చెను. ఈ పనికి ఖర్చు ఒక పూట శ్రమ. యజమాని కాపలా ద్వారమువద్ద పెట్టెను. గింజలు ఫంకాలోనుండి పోవుచుండెను. అవి నేరుగా బాయిలరులోనికి పోయి కాలి బూడిదయగుచుండెను. తన బియ్యమును తానే వంటచెరకుగా కాల్చుకొనుచున్నాడని అతనికి అప్పుడు తెలిసెను.

తవుడు విషయమున వ్యర్థమగునది బరువు కాదు, కాలము. తవుటిలో నూటికి సుమారు 15 మొదలు 20 పాళ్ల వరకు నూనె కలదు. గింజకు అంటియున్నంతకాలము ఆ నూనె సురక్షితము. మరలో పాలిషు పట్టి తవుడు విడివడినతోడనే, దానిలోనే యుండు లైపేజు అను పదార్థము నూనెను విరుచుట మొదలిడును. కొలది దినములలో ముక్కవాసన వచ్చును. సత్వరముగా నూనె తీయు కర్మాగారమునకు పంపినను, ఆవిరిపట్టి వేడిచేసినను నిలుచును. మా వాని గోదాములో తవుడు లారీ నిండువరకు వారముల తరబడి నిలువ యుండెడిది. కాటా 720 కిలోలే చూపును. కొనువాడు మాత్రము ధర తగ్గించును. కావున తవుటి పద్దునకు ఎదురుగా బరువుతోబాటు అది నిలిచిన దినముల సంఖ్యను కూడ వ్రాయవలెనని నిర్ణయించితిమి.

ఉప్పుడు బియ్యమునకై వడ్లు నానబెట్టిన నీరు కాటాకు రాదు. దానికి 200 లీటర్ల పీపాయు గడియారమును చాలును. కాలువ మొదట పీపా పెట్టితిమి; 50 సెకండ్లలో నిండెను. నిమిషమునకు 240 లీటర్లు, గంటకు 14,400. ఎన్ని గంటలు పారునో వ్రాసికొన్నచో దినపు లెక్క తేలును. ఆ నీరు పులిసి వాసన కొట్టును. అది ఎవరి చేనులోనికి పోవుచున్నదో యజమాని మొదటిసారి కాలువ వెంట నడచి చూచెను.

అప్పుడు గుమాస్తా మెల్లగా ఒక మాట అనెను. "మాస్టారూ, గీత దాటినది ఏదైనను తూచవలెనంటిరి. పొగగొట్టము మాట మరచితిరి." నిజమే. కాల్చిన ఊకలో సుమారు అయిదవ వంతు బూడిదగా మిగులును. ఆ బూడిదలో అధికభాగము ఇసుకలో నుండు సిలికాయే. పొయ్యిలో మిగిలిన బూడిదను తూచవచ్చును. ఎగిరిన నుసిని ఎట్లు తూచుట? ప్రక్కయింటి డాబామీద చదరపు మీటరు రేకు పళ్లె మొకటి పరచి ఒక దినము ఉంచితిమి. మరునాడు కుంచెతో ఊడ్చి కంసాలి త్రాసులో తూచితిమి. రెండు గ్రాములు. రెండు గ్రాములేనా యని యజమాని తేలికపడెను. ఆ డాబా నూరు చదరపు మీటర్లు. దినమునకు 200 గ్రాములు, నెలకు ఆరు కిలోలు. ఆ యింటి ముసలమ్మ వడియములు ఆరబెట్టుట మానుకొని మూడేండ్లయినదట. ఇన్నాళ్లు ఆమె మొరపెట్టుకొన్నపుడు యజమానికి అది చాదస్తముగా తోచెను. ఆరు కిలోలన్నపుడు తల వంచుకొనెను. జలకాలుష్య నివారణ చట్టము 1974లోను, వాయుకాలుష్య నివారణ చట్టము 1981లోను వచ్చినవి. కాని అతనిని కదిలించినది చట్టము కాదు, ఆ త్రాసు. పొగను సుడి త్రిప్పి నుసిని క్రిందికి రాల్చు గరాటు ఒకటి మిల్లునకు ఉండనే యుండెను. అడుగు తుప్పుపట్టి చిల్లులు పడియుండెను. దానిని బాగుచేయించిన పిమ్మట పళ్లెములో అర గ్రాము పడెను.

వ్యాపారి తాను మోయు నష్టమును ఎప్పటికైనను లెక్కించును. ఇతరులు మోయు నష్టమును ఎవ్వరును తూచి చూపనిదే లెక్కింపడు. తరుగు అను పద్దును విప్పినపుడు మాకు కనబడినవి ఇవి: కొంత ప్రకృతి ధర్మము, దానిని ఎవ్వరును ఆపలేరు, కొంత యంత్రదోషము, దానిని ఒక పూటలో సరిచేయవచ్చును, కొంత ఆలస్యము, కొంత పొరుగువాని నెత్తిపై పడునది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క మందు. అన్నింటిని ఒకే పేరుతో పిలిచినంతకాలము ఒకే మందు తోచును. అది ఎవరినో ఒకరిని అనుమానించుట.

బూడిద కూడ నేడు ఊరక పోవుటలేదు. బాగుగా కాలిన ఊకబూడిదను సిమెంటులో కలుపుదురు. ఉక్కు కర్మాగారములలో కరగిన యుక్కు వేడి కోల్పోకుండ పైన కప్పుటకు వాడుదురు. ఊకను లోహపు పనులకు పంపుమని కౌటిల్యుడు చెప్పిన మాట చిత్రముగా నేటికిని చెల్లుచున్నది. కాని ఎంత యున్నదో తెలియనిదే ఎవరికి అమ్ముదుము?

వినుచున్నవారిలో హోటలు నడుపువారుందురు, అచ్చుకూటము నడుపువారుందురు, బట్టలు కుట్టువారుందురు. మీ వ్యాపారమున ఊక లేకపోవచ్చును, తరుగు లేకపోదు. ఒక్క దినము, ఒక్క దినము మాత్రమే, గీత గీసి తూచి చూడుడు. ఇస్తరాకులలో మిగిలిన అన్నము, కత్తిరించిన కాగితపు అంచులు, గుడ్డపీలికలు వేర్వేరు బుట్టలలో వేసి తూచుడు. మీవద్ద ఊడ్చు మనిషిని ముందుగా అడుగుడు. ఆమెకు మీకంటె ఎక్కువ తెలిసియుండును. అందని దానిని అందలేదని వ్రాయుడు.

గుమాస్తా మరల కాటావద్దనే యున్నాడు. పోయిన దినముల జీతము యజమాని ఇచ్చెను. క్షమింపుమని అడిగెనో లేదో వారిరువురకే తెలియును; నేను అడుగలేదు. నా మట్టుకు నేను అతనిని మా యరుగుమీదికి పిలిచి, "నాయనా, నేను తప్పు లెక్క చెప్పితిని" అంటిని. అతడు లేచి నిలుచుండి, "మాస్టారూ, మీరు దిద్దితిరి గదా" అనెను. నలుబదియేండ్లు పిల్లల పలకలు దిద్దినవాడను. నా పలకను దిద్దించుకొన్నది ఆనాడే. సెలవు.